ఆ డీజిల్ బండి సద్దు అమ్మకొకలా, నాకొకలా

సంక్రాంతి ముందు మా ప్రొద్దుటూరులో అనపకాయలు రాశులు పోసి అమ్ముతారు. పోయిన ఆదివారం రెండు కేజీలు తెచ్చాను. హాల్లో చాప వేసుకుని అమ్మా నేనూ ఒలుస్తూ కూర్చున్నాం. నాన్న పోయినప్పటినుంచీ అమ్మ కొన్నాళ్ళు నంద్యాలలో తమ్ముడి దగ్గర, కొన్నాళ్ళు ఇక్కడ నా దగ్గర ఉంటుంది.

అప్పుడే తమ్ముడు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. వాడికి రైళ్ళ పిచ్చి. చిన్నప్పుడు అగ్గిపెట్టెలు వరసగా పేర్చి బండి నడిపేవాడు. నలభై దాటాక ఇప్పుడు ఫోన్లో పాత ఇంజన్లు చూస్తాడు. ఆ వీడియోలో మీటర్ గేజి కాలం నాటి డీజిల్ ఇంజను ఒకటి స్టేషన్లో ఆగి ఉంది. అంతే, ఇంకేమీ లేదు. కదలదు, పోదు. గుడుగుడుమంటూ, మధ్యమధ్యలో కాస్త నల్లటి పొగ వదులుతూ అట్లాగే నిలబడి ఉంది. కింద వాడి మాట: "అక్కా, గుర్తుందా? మన అడివి స్టేషన్!"

గుర్తు లేకపోవడమేమిటండీ! నా చిన్నతనంలో అంతకంటే మంచి రోజు లేదని ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పండగలకు చెప్పానో లెక్క లేదు. అమ్మకు కూడా వినిపిద్దామని ఫోను శబ్దం పెంచి దగ్గర పెట్టాను. అమ్మ చేతిలో కాయ సగం ఒలిచినట్టే ఆగిపోయింది.

"ఆపు మే దాన్ని" అంది.

"ఎందుకమ్మా? మనం తాతా వాళ్ళ ఊరికి పోయిన బండి లాంటిదే కదా?"

"అందుకే ఆపమంటాండా. ఆ సద్దు ఆ పొద్దు ఆరు గంటలు విన్నా. ఇంగ చాలు."

అమ్మ అంతకంటే ఏమీ అనలేదు. మళ్ళీ కాయలు ఒలవడంలో పడింది. నాకు మాత్రం చేయి ఆడలేదు.

ముందు నాకు గుర్తున్న కథ చెబుతాను.

1980ల చివర. నాకు పదేళ్ళు, తమ్ముడికి ఆరు. మేం నంద్యాలలో ఉండేవాళ్ళం. నాన్న ఒక కొట్లో లెక్కలు రాసేవారు. అమ్మ పుట్టిల్లు గిద్దలూరు వైపు ఒక చిన్న పల్లె. ఆ ఊళ్ళు ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనివే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయాయి. కానీ మాకు అదేం పట్టేది కాదు. మాకు తెలిసింది ఒకటే, నంద్యాలలో బండెక్కితే గాజులపల్లె, ఆ తర్వాత నల్లమల అడవి, ఘాట్, సొరంగం, దిగువమెట్ట, గిద్దలూరు. పసుపు, ఆకుపచ్చ రంగుల్లో అడవి. సీతాఫలాల కాలమైతే స్టేషన్ స్టేషన్‌కూ గంపలు.

ఒక రోజు పొద్దున్నే అమ్మ మమ్మల్ని లేపి, తలలు దువ్వి, బండెక్కించింది. నాన్న రాలేదు. ముందురోజు రాత్రినుంచీ వాన. గాజులపల్లె దాటాక అడవిలో ఒక చిన్న స్టేషన్లో బండి ఆగింది. ముందు దారిలో వానకు కొండ మీదినుంచి మట్టీ రాళ్ళూ పట్టాల మీదికి జారాయని, తీసేదాకా కదలదని చెప్పారు. అందరూ దిగారు. తమ్ముడూ నేనూ దిగాం. ఇంకేం కావాలి! పరీక్షల్లేవు, బడి లేదు, చుట్టూ తడిసిన అడవి, కోతులు. మోదుగాకుల్లో సీతాఫలాలు పెట్టుకుని ఒకామె అమ్ముతోంది. ఎంతసేపటికీ ఎవరూ కొనకపోయేసరికి మా ఇద్దరికీ చెరొకటి ఊరికే ఇచ్చింది. మా పెట్టెలోని ఒకాయన బొరుగులు, చెనిక్కాయ విత్తనాలు అందరికీ పంచాడు. తమ్ముడు ఇంజను పక్కన నిలబడి దాని సద్దును నోటితో అనుకరిస్తూ ఉంటే డ్రైవరు నవ్వాడు. సాయంత్రం అయ్యేసరికి అలిసిపోయి, పెట్టెలో బల్ల మీద, ఆ గుడుగుడు వింటూ నిద్రపోయాం. ఉయ్యాల ఊపినట్టుండేది ఆ సద్దు. ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రి దాన్ని తలుచుకుంటాను నేను.

గిద్దలూరులో దిగేసరికి చీకటి పడింది. మమ్మల్నిద్దర్నీ అక్కడ చిన్నమ్మ ఇంట్లో దించి, మామ వెంట అమ్మ ఊరికి పోయింది. చిన్నమ్మ వేడివేడి చిత్రాన్నం పెట్టింది. అంతటితో నా కథ అయిపోతుంది.

తాత ఆ రోజుల్లోనే పోయాడని నాకు తెలుసు. తెలియదని చెప్పను. కానీ పిల్లల బుర్ర చిత్రమైంది. తాత పోవడాన్ని ఒక డబ్బాలో, అడివి స్టేషన్‌ను ఇంకో డబ్బాలో పెట్టి మూతలు బిగించేశాను. రెండూ ఒకే రోజువని ముప్పై ఐదేళ్ళు ఎప్పుడూ కలిపి చూడలేదు.

ఆదివారం రాత్రి అన్నాలయ్యాక అమ్మే చెప్పింది, నేను అడగకుండానే. నాన్న పనిచేసే కొట్టుకు ముందురోజు రాత్రి ఫోనొచ్చిందట. "నాయనకు శానా ఎక్కువగా ఉండాది, కూతుర్ని చూడల్లంటాండాడు" అని. తెల్లారి మొదటి బండే ఎక్కింది. బండి నిలబడిన స్టేషన్‌నుంచి ఇంకో దారి లేదు, బస్సు దొరికే రోడ్డు లేదు. ఇద్దరు పిల్లలతో వానలో అడవిలో ఎక్కడికి పోతుంది? బెంచీ మీద కూర్చుని పట్టాల కొనవైపు చూస్తూ ఉండిపోయిందట. ఊళ్ళో అప్పటికే తాత పోయాడు. పొద్దు గూకేదాకా చూసి, కూతురు వస్తుందేమోనని ఇంకొంతసేపు ఆపి, ఇంక ఆపకూడదని పెద్దలంటే తీసుకుపోయారట. అమ్మ పోయేసరికి తలాపున దీపం మిగిలింది.

"బండి నిలబడిందని నాకు కోపం ల్యా మే. వాన వస్తే ఎవరేం జేస్తారు? కానీ ఆ ఇంజను ఆగకుండా కొట్టుకుంటా ఉండాదే, అది వింటాంటే ఇప్పుడు కదుల్తాదేమో, ఇప్పుడు కదుల్తాదేమో అనిపించ్చాండె. ఆరు గంటలూ అదే ఆశ. దాని సద్దే ల్యాకుంటే నేను కొంచెం స్థిమితంగా కూర్చుందునేమో."

ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో, పండగల్లో నేను ఆ కథ చెప్పి అందర్నీ నవ్విస్తుంటే అమ్మ ఎక్కడో ఒక మూల కూర్చుని వింటూనే ఉంది. ఒక్కసారి కూడా "అట్ల కాదు" అనలేదు. ఎందుకనలేదని అడిగితే, "నీకన్నా ఆ పొద్దు బాగుండె గదా, అదెందుకు చెడగొట్టల్ల" అంది.

ఈ రెండు మూడు రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది. అందుకే ఇక్కడ మీతో పంచుకుంటున్నా.

మర్నాడు తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను, ఆగి ఉన్న బండికి ఇంజను ఆపేయొచ్చు కదా, డీజిల్ దండగ కదా అని. వాడు ఉత్సాహంగా పాఠం మొదలుపెట్టాడు. పాత డీజిల్ ఇంజన్లను ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్ట్ చేయడం తేలిక కాదట. బండి బ్రేకులు పట్టి ఉంచే ఏర్పాటు కూడా ఇంజను తిరుగుతుంటేనే నిలుస్తుందట. అందుకే గంటల తరబడి ఆగినా అట్లాగే తిప్పుతూ ఉంచేవారు. ఇంకో సంగతి చెప్పాడు, నేను ఆశ్చర్యపోయాను. డీజిల్ ఇంజను నేరుగా చక్రాలు తిప్పదట. లోపల అది ఒక జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో చక్రాల దగ్గరున్న మోటార్లు తిరుగుతాయి. అంటే కళ్యాణమండపం బయట గుడుగుడుమనే జనరేటర్ లాంటిదాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగే కరెంటు బండి అన్నమాట. మీటర్ గేజిలో వైడీఎం-4 అనే రకం 1400 గుర్రాల శక్తిది, పెద్ద లైన్లో డబ్ల్యూడీఎం-2 అనే రకం 2600 గుర్రాల శక్తిది. రెండూ అమెరికాలోని ఆల్కో అనే కంపెనీ నమూనాలే. 1960లలో వారణాసిలో కార్ఖానా పెట్టి మనవాళ్ళే వాటిని తయారుచేశారు. ఇప్పుడు ఆ కార్ఖానాలో చేసేవి కరెంటు ఇంజన్లు. 2020లో దాని పేరులోంచి డీజిల్ అన్న మాట కూడా తీసేశారు. మన సీమలో గుత్తి డీజిల్ షెడ్డంటే వాడికి దేవళంతో సమానం.

వాడి మాటల్లో ఇంజన్ల నంబర్లున్నాయి, గుర్రాల శక్తి ఉంది, పొగ రంగు కూడా ఉంది. పక్కన బెంచీ మీద కూర్చున్న అమ్మ లేదు. వాడినని ఏం లాభం? నా కథలోనూ లేదు కదా.

నాకు ఒక మాట అనిపిస్తుంది. "ఆ రోజులే వేరు" అని ఎవరైనా అన్నప్పుడు, ఆ రోజుల్లో వాళ్ళు ఏ పక్కన ఉన్నారో చూడాలి. కట్టెల పొయ్యి మీద వండిన పప్పు రుచే వేరంటారు మా ఇంటాయన. నిజమే, తిన్నవాళ్ళకు రుచే గుర్తుంటుంది. ఊదురుగొట్టంతో ఊది ఊది కళ్ళు మండినవాళ్ళకు పొగ గుర్తుంటుంది. రోట్లో నూరిన ఊరిబిండి గొప్పదే, నూరిన చేతిని అడగండి. బావినీళ్ళు తియ్యన, చేదినవాళ్ళ భుజాలనడగండి. మన ఇళ్ళలో పాతకాలాన్ని మెచ్చుకునేవాళ్ళు ఎక్కువమంది ఆ కాలపు చాకిరీ చేయనివాళ్ళే. డీజిల్ బండి విషయంలో నేను కూడా అట్లాంటి దాన్నే అయ్యాను. నేను పదేళ్ళ పిల్లను కాబట్టి నాకు ఉయ్యాల, అమ్మ కూతురు కాబట్టి అమ్మకు శూలం.

అయితే పాతవాటిని తలుచుకోవడమే తప్పా? కొందరు అట్లాగే అంటారు. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. "అమ్మా, డీజిల్ పొగ, ఖర్చు, బయటిదేశాలనుంచి కొనే నూనె. కరెంటు బండి శుభ్రం, చవక, తొందరగా వేగం అందుకుంటుంది. దానికోసం ఏడవడమెందుకు?" అంటుంది. దాని మాట కాదనను. గుంతకల్లు లైను, గుంటూరు లైను, మా ఎర్రగుంట్ల లైను, ఎటు చూసినా ఇప్పుడు కరెంటు తీగలే. మంచిదే. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో నలుసు పడదు, తెల్లచీర కట్టుకుని బండెక్కినా భయం లేదు. ఆ మార్పును నేను వద్దనను.

కానీ అమ్మనే అడిగాను. "సరే, సద్దు పడదు, పొగ పడదు. మరి ఆ బండిలో నీకు నచ్చింది ఏమీ లేదా?"

అమ్మ వెంటనే చెప్పింది. ఆలోచించలేదు కూడా. "ఎందుకు లేదు? ఆ బండి మా ఊరి పక్కనే నిలబడుతాండె. దిగితే నడిచిపోయేంత దూరం. టికెట్టుకు ఎవుర్నీ చెయ్యి చాచి అడగాల్సిన పని ల్యా, పాలడబ్బుల్లోంచి మిగిలించుకున్న చిల్లర చాలు. మీ నాయనకు తీరుబడి ఉన్నా లేకున్నా మిమ్మల్ని ఎత్తుకోని నేనొక్కదాన్నే పోయొచ్చుంటి. ఆడమనిషి ఒంటిగా పోయినా ఆ బండిలో ఎవురూ ఏమీ అనరు, పెట్టె నిండా మనట్లాంటోళ్ళే."

చూశారా? అమ్మ తలుచుకునేది ఇంజనును కాదు, బండి ఆగే చోటును. నేను తలుచుకునేది ఇంజనును. తప్పు ఇక్కడ జరిగింది. గతాన్ని తలుచుకోవడం తప్పు కాదు, తలుచుకోవలసిందాన్ని వదిలేసి పక్కదాన్ని పట్టుకోవడం తప్పు.

అసలు ఆ లైను ఎందుకు పుట్టిందో చూసినా ఇదే తేలుతుంది. 1876-78లో మన సీమను ధాత కరువు ఊడ్చిపెట్టింది. జనం పిట్టల్లా రాలిపోయారు. ధాన్యం ఉన్నచోటినుంచి లేనిచోటికి తీసుకుపోయే దారి లేకపోవడం ఎంత ఘోరమో అప్పుడు తెలిసొచ్చి, కరువు జిల్లాల గుండా రైలు దారులు వేయాలని తెల్లదొరలు తలపెట్టారు. బళ్ళారి వైపునుంచి కృష్ణ వైపుకు నల్లమల మీదుగా పోయే మీటర్ గేజి లైను అట్లా 1880లలో వచ్చిందే. ఆకలిగొన్నవాళ్ళ దగ్గరకు గింజలు చేర్చడానికి వేసిన దారి అది. తర్వాత నూరేళ్ళు మన అమ్మలను పుట్టిళ్ళకు చేర్చింది. 1990లలో దాన్ని పెద్ద లైనుగా మార్చినప్పుడు ఘాట్‌లో దారి కూడా మారింది. పాత సొరంగం, దొరబావి వంతెన అడవికి మిగిలిపోయాయి. వాటి ఫోటోలు చూసి మనం నిట్టూరుస్తాం. ఆ దారిలో ఆగే బండ్లు ఎన్ని, చిన్న ఊరివాళ్ళు ఎక్కడ ఎక్కాలి అన్నది మాత్రం ఎవరూ ఫోటో తీయరు కదా.

ఇంగ్లండులో పల్లె రైళ్ళ కథ ఒకటి తమ్ముడు చెప్పాడు. అక్కడ 1963లో బీచింగ్ అనే పెద్దాయన నివేదిక ఇచ్చాడు. లాభం రాని లైన్లు, స్టేషన్లు మూసేయమని. దాదాపు 8000 కిలోమీటర్ల దారి, రెండువేలకు పైగా స్టేషన్లు ఆ జాబితాలో ఉన్నాయి. చాలావరకు మూశారు కూడా. అదే ఏడాది ప్రయాణికుల బండ్లు ఆగిపోయిన లైను ఒకటి ఉంది, సెవర్న్ లోయ లైను అంటారు. పాత రైళ్ళంటే ప్రాణమిచ్చే మామూలు జనం కూడబలుక్కుని 1970లో దానిమీద మళ్ళీ బండి నడిపారు. ఇప్పుడు అక్కడ ఆవిరి ఇంజన్లతోబాటు పాత డీజిల్ ఇంజన్లకు కూడా ఉత్సవాలు చేస్తారట. జనం టికెట్లు కొని మరీ ఆ సద్దు వినడానికి వస్తారట.

వినడానికి ఎంతో బాగుంది. ఆ మనుషుల ఓపికకు దండం పెట్టాలి. కానీ నాకు ఇంకోటి తోచింది. రోజూ సంతకు, ఆసుపత్రికి, పుట్టింటికి పోయే బండిని ముందు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత దాని ఇంజనును తుడిచి, రంగువేసి, సెలవు రోజుల్లో చూసుకుంటున్నారు. మనకు ఇంకా ఆ గతి పట్టలేదు. మన దగ్గర లైన్లున్నాయి, బండ్లున్నాయి. ఉన్నప్పుడే అడగాలి.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నాకు ప్రొద్దుటూరు సంబంధం కుదిరినప్పుడు అమ్మ మొదట అడిగిన ప్రశ్న, "ఆడికి రైలుండాదా?" అని. లేదు. నంద్యాలనుంచి ఎర్రగుంట్లకు కొత్త లైను వస్తుందని, 1996లో మంజూరైందని నాన్న ధైర్యం చెప్పారు. నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పిల్లలు పదో తరగతికి వచ్చారు. లైను మాత్రం రాలేదు. కాన్పులకు, పండగలకు, ఆఖరికి నాన్నకు గుండెనొప్పి వచ్చినప్పుడూ బస్సులోనే పరుగెత్తాను. 2016 ఆగస్టులో 123 కిలోమీటర్ల ఆ లైను మొత్తం తెరిచారు. ఇరవై ఏళ్ళు!

మొదటిసారి ఆ డెము బండిలో కూర్చున్నప్పుడు నేను చిన్నపిల్లనైపోయాను. అది కూడా డీజిల్ బండే, పెట్టెలోనే ఇంజను ఉంటుంది. జమ్మలమడుగు, నొస్సం, సంజామల, కోవెలకుంట్ల, బనగానపల్లె. ఇవన్నీ బస్సులో నిద్రలో దాటిపోయే పేర్లు, రైల్లో ఒక్కొక్కటీ స్టేషనై నిలబడ్డాయి. ఒక్కో చోట ఎక్కే ఆడవాళ్ళు. బనగానపల్లెలో కొడుకింటికి మామిడికాయ ఊరగాయ జాడీ తీసుకుపోయే పెద్దామె. నంద్యాల ఆసుపత్రికి కోడల్ని తీసుకుపోతున్న అత్త. చంకలో బిడ్డతో, తలనిండా పూలతో పుట్టింటికి పోతున్న చిన్నపిల్ల, ఇరవై ఏళ్ళుంటాయేమో. దాని మొహం చూస్తే అమ్మ గుర్తొచ్చింది.

తర్వాత 2020 మార్చిలో కరోనాకు దేశమంతా బండ్లు ఆగాయి. అది తప్పనిది. కానీ మళ్ళీ మొదలయ్యాక దేశమంతటా చాలా ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ స్పెషళ్ళ పేరుతో వచ్చాయి. బండి అదే, పెట్టెలు అవే. కనీస టికెట్టు మాత్రం పది రూపాయలనుంచి ముప్పైకి పోయింది. మళ్ళీ పదికి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. మూడేళ్ళకు పైన! ముప్పై రూపాయలు మనలో చాలామందికి పెద్ద మొత్తం కాదనుకోవచ్చు. కానీ సంతకు కూరగాయల గంపతో ఒక స్టేషన్ దూరం పోయి వచ్చే ఆమెకు రోజుకు అరవై. పాలడబ్బుల్లోంచి మిగిలించిన చిల్లరతో ఎక్కే బండి కాదది అప్పుడు. ఆ మూడేళ్ళలో ఎంతమంది తల్లులు కూతుళ్ళను చూడకుండా ఉండిపోయారో ఏ లెక్కల్లోనూ ఉండదు.

"ఇప్పుడు బస్సు ఉచితం కదా, ఇంకా రైలెందుకు?" అని మీలో కొందరు అడగొచ్చు. నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. నేనూ వాడుకుంటున్నా, మేలే జరిగింది. కానీ డెబ్బై దాటిన మా అమ్మను బస్సు మెట్లెక్కించి చూడండి. మోకాళ్ళు మడతపడవు. మలుపుల్లో కడుపులో తిప్పుతుంది. రైల్లో అయితే కాళ్ళు చాపుకుంటుంది, లేచి నాలుగడుగులు వేస్తుంది, పక్కామెతో ఊరూ పేరూ కలుపుకుంటుంది. బస్సు బస్సే, రైలు రైలే. ఒకటి ఇచ్చారని ఇంకోటి అడగకూడదని ఏమీ లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. డీజిల్ ఇంజన్లు పోతే పోనీయండి. ఒకటో రెండో తుడిచి మ్యూజియంలో పెడితే తమ్ముడి లాంటివాళ్ళు పోయి చూసి సంతోషిస్తారు, నేనూ పోతాను. కానీ మనం, ముఖ్యంగా మన ఆడవాళ్ళం, తలుచుకుని పోట్లాడాల్సింది వేరే వాటికోసం. చిన్న ఊళ్ళలో ఆగే బండి ఉండాలి. దాని టికెట్టు ఎవరినీ అడగకుండా కొనుక్కునేంత ఉండాలి. పొద్దున పోయి పొద్దు గూకేలోపు ఇంటికి వచ్చేట్టు వేళలుండాలి. స్టేషన్లో ఒక దీపం, ఒక నీళ్ళ కుళాయి, తలుపుకు గడియపడే ఒక మరుగుదొడ్డి ఉండాలి. కరెంటుతో నడిచినా, ఇంకేదాంతో నడిచినా ఈ నాలుగూ ఉంటే మన పాత బండి ఉన్నట్టే. ఇవి లేకుండా గంటకు నూటముప్పై కిలోమీటర్లతో మన ఊరి మీదుగా దూసుకుపోయే బండిని చూసి పిల్లలు చేతులూపుతారు, అంతే.

ఇంకో మాట, ఇది రైళ్ళది కాదు, ఇళ్ళది. మీ ఇంట్లో కూడా అందరూ కలిసినప్పుడు నవ్వుతూ చెప్పుకునే పాత కథలుంటాయి. వర్షంలో తడిసిన పెళ్ళి, కరెంటు పోయిన కాన్పు, బండి తప్పిన ప్రయాణం. మీరు అప్పుడు చిన్నవాళ్ళు కాబట్టి మీకది తమాషా. ఒకసారి ఆ రోజున పెద్దదిగా ఉన్న మనిషిని, బతికి ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. "నీకు ఆ రోజు ఎట్లా ఉండింది?" అని. మనం అడగకపోతే వాళ్ళు చెప్పరు. మన కథ చెడగొట్టడం వాళ్ళకు ఇష్టం ఉండదు. నేను ముప్పై ఐదేళ్ళు ఆలస్యం చేశాను. బండికంటే నేనే ఎక్కువ ఆలస్యం.

తమ్ముడికి సంగతంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ వీడియో తీసేయనా అక్కా?" అన్నాడు. వద్దన్నాను. వాడి చిన్నతనం వాడిది, అది అబద్ధం కాదు. నేను కూడా ఆ గుడుగుడును మరిచిపోలేను, ప్రయత్నించను కూడా. ఇకమీదట ఆ కథ చెప్పినప్పుడు మాత్రం బెంచీ మీద కూర్చున్న అమ్మను కూడా చెబుతాను.

వచ్చే వారం అమ్మ నంద్యాలకు పోవాలి. కారు మాట్లాడతానని మా ఇంటాయన అంటే అమ్మ వద్దంది, రైల్లోనే పోదామంది. నేనూ వెంట పోతున్నా. జొన్నరొట్టెలు, ఊరిబిండి కట్టుకుందామని అనుకున్నాం. రాత్రి పడుకోబోతూ అమ్మ ఒక్కటే అడిగింది.

"మే, ఆ బండి టయానికి వచ్చాదా?"